సూర్యోదయం ఫొటోకి గ్రాడ్ ఫిల్టర్ బిగించే ముందు

గ్రాడ్ ఫిల్టర్ అంటే పైసగం నల్లగా, కిందిసగం తేటగా ఉండి, ఆకాశం వెలుగును మాత్రమే తగ్గించే పలక. విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం, ఆకాశం కలిసే అంచు గీత గీసినట్టు ఉంటుంది కాబట్టి హార్డ్ గ్రాడ్ (నలుపు ఒక్కసారిగా ఆగిపోయేది) చాలు. అరకు కొండల దగ్గర అదే వాడితే కొండ కొసలు నల్లబడతాయి, అక్కడికి సాఫ్ట్ (నలుపు మెల్లగా పలచబడేది) తీసుకెళ్లండి. సూర్యుడు సరిగ్గా అంచు మీదుంటే రివర్స్ గ్రాడ్ మేలు; దాని నలుపు మధ్యగీత దగ్గరే ఎక్కువ.

– ఆకాశాన్ని, ఇసుకను విడివిడిగా మీటర్ చేయండి, అంటే కెమెరాతో వెలుగు కొలవండి. తేడా 4 స్టాపులుంటే (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) 0.9 ఫిల్టర్, అంటే 3 స్టాపులు, సరిపోతుంది. తేడా మొత్తం చెరిపేయాలని చూస్తే నీళ్లలోని ప్రతిబింబం ఆకాశాన్ని మించి వెలుగుతుంది, చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

– యూవీ ఫిల్టర్ ఊడదీయండి. వైడ్ లెన్స్ మీద దానికి హోల్డర్ (గ్రాడ్‌ను పట్టి ఉంచే చట్రం) కూడా తోడైతే మూలలు నల్లబడతాయి.

– గ్రాడ్ నలుపు ఆగే గీత ఎక్కడుందో ఎఫ్/11 దగ్గర డెప్త్ ప్రివ్యూ (ఎపర్చర్‌ను, అంటే లెన్స్ రంధ్రాన్ని, ఫొటో తీసే సైజుకి మూసి చూపే బటన్) నొక్కి చూసుకోండి. ఎపర్చర్ తెరిచి ఉంటే మసకగా కనిపించి మోసం చేస్తుంది.

– ఉప్పు తుంపర పడ్డ రెజిన్ (ప్లాస్టిక్ లాంటిది) ఫిల్టర్‌ను పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో కడగండి.