ఆటో డిమ్మింగ్ సైడ్ మిర్రర్ నల్లబడట్లేదా? గ్లాస్ కొనేముందు ఇవి చూసుకోండి

రాత్రిపూట విజయవాడ హైవే మీద వెనక నుంచి ఎవరో హై బీమ్ వేసుకుని వస్తుంటారు, లోపలి అద్దం చక్కగా నల్లబడుతుంది, కుడివైపు సైడ్ మిర్రర్ మాత్రం కళ్లలోకి కొడుతూనే ఉంటుంది. అప్పుడు సైడ్ మిర్రర్ పోయిందనుకోవడం సహజమే, షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినపడేది కూడా "గ్లాస్ మార్చాలి సార్" అనే మాటే. వెనక నుంచి లైటు పడితే తనంతట తానే నల్లబడే ఈ ఆటో డిమ్మింగ్ గ్లాస్ ఉండేది ఎక్కువగా ఖరీదైన కార్లకి కాబట్టి ధర కూడా అలాగే ఉంటుంది. అందుకే ఒప్పుకునే ముందు ఇంటి దగ్గరే కాసేపు కూర్చుని చూసుకోండి, తప్పు ఎక్కడుందో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

అసలు మీ కారుకి ఈ ఫీచర్ ఉందో లేదో ముందు మాన్యువల్‌లో చూడండి. అద్దం నీలంగా కనిపించినంత మాత్రాన ఆటో డిమ్మింగ్ ఉన్నట్టు కాదు, కొన్నిటికి మామూలు నీలి కోటింగ్ మాత్రమే ఉంటుంది. మన దగ్గర చాలా కార్లలో లోపలి అద్దానికి మాత్రమే ఈ సౌకర్యం ఇస్తారు. బయట ఇచ్చినా కొన్ని మోడళ్లలో డ్రైవర్ వైపు అద్దానికే ఇస్తారు, అంటే రెండోవైపు నల్లబడకపోతే అది రిపేర్ కాకపోవచ్చు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: మామూలుగా సైడ్ మిర్రర్‌కి సొంతంగా సెన్సర్ ఉండదు. లోపలి అద్దం ఏం చెబితే అది చేస్తుంది, అంతే. లోపలి అద్దంలో రెండు సెన్సర్లుంటాయి. ఒకటి ముందు గ్లాసు వైపు చూస్తూ బయట చీకటిగా ఉందా లేదా కనిపెడుతుంది, ఇంకొకటి మన వైపు చూస్తూ వెనక లైట్లు పడుతున్నాయా అని చూస్తుంది. ముందు చీకటి, వెనక వెలుగు రెండూ కలిస్తేనే అద్దానికి ఒకటిన్నర వోల్ట్ లోపు చిన్న కరెంటు వెళ్తుంది. రెండు గాజు పలకల మధ్య ఉన్న పల్చటి జెల్ ఆ కరెంటుకి ముదురు రంగులోకి మారుతుంది. అమెరికాలో మిషిగన్‌కి చెందిన జెంటెక్స్ కంపెనీ 1987లో ఈ రకం అద్దం తెచ్చింది, మీ అద్దం వెనక కూడా ఆ పేరు కనిపించవచ్చు.

కాబట్టి పరీక్ష లోపలి అద్దం దగ్గరే మొదలుపెట్టాలి. పగలే చేయొచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేయండి, లోపలి లైట్లు ఆపేయండి, గేర్ రివర్స్‌లో లేకుండా చూసుకోండి. రివర్స్ వేస్తే వెనక బాగా కనపడాలని చాలా కార్లు డిమ్మింగ్‌ని వాటంతటవే ఆపేస్తాయి, ఇది తెలియక చాలామంది కంగారు పడతారు. ముందు గ్లాసు వైపు చూసే సెన్సర్ మీద నల్ల ఇన్సులేషన్ టేప్ అంటించి, మన వైపున్న సెన్సర్ మీదకి ఫోన్ టార్చ్ దగ్గరగా కొట్టండి. కొన్ని సెకన్లలో లోపలి అద్దం ముదురు రంగుకి తిరగాలి. బయట ఒకర్ని నిలబెట్టి సైడ్ మిర్రర్ కూడా మారుతోందేమో చూడమనండి.

రెండూ మారలేదంటే సైడ్ మిర్రర్‌ని ముట్టుకోకండి. అద్దం కింద ఆన్-ఆఫ్ బటన్ ఉంటే ఆన్‌లో ఉందో లేదో చూడండి, తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఆగిపోవడం మామూలే. తర్వాత ఫ్యూజు. రెండూ బాగుంటే సెన్సర్ల దగ్గరికి రండి, ఎందుకంటే మన కార్లలో వీటికి అడ్డం పడేవి చాలా ఎక్కువ. ఫాస్టాగ్ సరిగ్గా అద్దం వెనకే అంటిస్తారు, డాష్‌క్యామ్ కూడా అక్కడే పెడతారు. దసరాకి బండి పూజ చేసినప్పుడు గంధం, కుంకుమ బొట్టు ఆ చిన్న సెన్సర్ చుక్క మీదే పడుతుంది, తర్వాత అది ఎండిపోయి అలాగే ఉండిపోతుంది. అద్దానికి వేలాడే దండలూ అంతే. మెత్తటి గుడ్డ కొంచెం తడిపి తుడవండి. స్ప్రే నేరుగా అద్దం మీద కొట్టకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

ఏ సెన్సర్‌కి అడ్డం పడిందో లక్షణాన్ని బట్టే చెప్పొచ్చు. పట్టపగలు అద్దాలు నల్లబడుతున్నాయంటే ముందు సెన్సర్ మూసుకుపోయి అది రాత్రి అనుకుంటోంది. రాత్రి అసలు నల్లబడట్లేదంటే మన వైపున్న సెన్సర్‌కి వెలుగు అందట్లేదు, లేదా డాష్‌క్యామ్ స్క్రీన్ లాంటి వెలుగేదో ముందు సెన్సర్ మీద పడుతోంది. వెనక గ్లాసుకి ముదురు ఫిల్మ్ వేయించినా, సన్‌షేడ్ కట్టినా, సీటు వెనక సామాను పైదాకా పేర్చినా ఇదే గతి. ఇందులోనే ఇంకో చిక్కుంది. పక్క లేన్‌లో వచ్చే లారీ లైటు నేరుగా సైడ్ మిర్రర్ మీదే పడి, లోపలి అద్దానికి అందకపోతే సిస్టమ్‌కి ఆ సంగతే తెలియదు. వీధి దీపాలు బాగా వెలిగే సిటీ రోడ్డు మీద డిమ్మింగ్ తగ్గడం కూడా మామూలే. ఈ రెండిట్లోనూ పాడైనదేమీ లేదు, రిపేరు పేరుతో డబ్బు పోసుకోకండి.

లోపలి అద్దం మారి సైడ్ మిర్రర్ మారకపోతే అప్పుడు అనుమానం వైరు మీద, గ్లాస్ మీద. నేనైతే ముందు వైరునే చూడమంటాను. డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైర్లు డోర్ తీసి వేసినప్పుడల్లా వంగి వంగి లోపల తెగుతాయి. ఆటో ఫోల్డ్ ఉంటే మిర్రర్ మడత దగ్గర కూడా అంతే. డోర్ ఒక్కో కోణంలో పెట్టినప్పుడు డిమ్మింగ్ వస్తూ పోతూ ఉంటే దాదాపు అదే కారణం.

గ్లాస్ తీయాలంటే చల్లగా ఉన్నప్పుడు లాగకండి, పగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేసి, చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని, ప్లాస్టిక్ పట్టీతో అంచు నుంచి మెల్లగా క్లిప్పులు వదిలించండి. క్లిప్పులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, మీ మోడల్ వీడియో చూశాకే చెయ్యి పెట్టండి. వెనక మామూలుగా రెండు జతల వైర్లుంటాయి: ఒకటి మంచు, తేమ పోగొట్టే హీటర్‌ది, అది 12 వోల్టులు, ఇంకొకటి డిమ్మింగ్‌ది. టార్చ్ పరీక్ష మళ్లీ చేస్తూ డిమ్మింగ్ జత మీద వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టండి. ఒక వోల్ట్ పైన, ఒకటిన్నర లోపల చూపిస్తే వైరు బాగుంది, గ్లాసే పోయింది. సున్నా చూపిస్తే వైరు వెతకాలి, గ్లాస్ కొనక్కర్లేదు. గ్లాస్‌ని విడిగా చూడాలంటే 1.2 వోల్టుల రీచార్జబుల్ పెన్సిల్ సెల్ ఒకటి దాని డిమ్మింగ్ పిన్నులకి తాకించి చూడండి, నల్లబడితే మంచిదే. కారు బ్యాటరీ కరెంటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పిన్నులకి ఇవ్వకండి, గ్లాస్ అక్కడికక్కడే పోతుంది.

అంచుల్లో గోధుమ రంగు మచ్చలు, మధ్యలో గాలి బుడగలు, ఎప్పటికీ తేరుకోని నల్లదనం కనిపిస్తే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. సీల్ పోయి జెల్ కారుతోందని అర్థం, దానికి రిపేర్ లేదు. ఆ ద్రవం చర్మానికీ కళ్లకీ మంచిది కాదు, తగిలితే వెంటనే బాగా నీళ్లతో కడగండి. పెయింట్ మీద పడినా తడిగా ఉన్నప్పుడే నీళ్లతో పోతుంది, ఆరితే మచ్చ ఉండిపోతుంది.

కొత్త గ్లాస్ అయినా, ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌ది దొరికినా, పాతది చేత్తో పట్టుకెళ్లి వెనక పిన్నులు లెక్కపెట్టి పోల్చండి. చవగ్గా దొరికేవాటిలో హీటర్ పిన్నులే ఉండి డిమ్మింగ్‌వి లేనివి చాలా ఉంటాయి. అద్దం వంపు కూడా అదే ఉండాలి, లేకపోతే వెనక బండి దూరం తప్పుగా కనిపిస్తుంది, అది ప్రమాదం. అమెరికాలో ఉన్నవాళ్లయితే పార్ట్ నంబర్‌తోనే వెతకండి. మన కుడి స్టీరింగ్ కారు గ్లాస్ అక్కడికి, అక్కడిది ఇక్కడికి సరిపడతాయన్న నమ్మకం లేదు. అక్కడ చలికాలంలో అద్దం నెమ్మదిగా మారడం మాత్రం జెల్ స్వభావమే, కారు వేడెక్కాక మళ్లీ చూడండి. బిగించాక అదే టేపు, అదే టార్చ్‌తో షాపులోనే ఇంకోసారి పరీక్ష చేయించి, మిర్రర్ పైకీ కిందకీ తిరుగుతోందో, హీటర్ వెచ్చబడుతోందో చూసుకున్నాకే డబ్బులివ్వండి.