కొత్త మానిటర్ కొంటున్నారా? డబ్బా విప్పిన రోజే ఇవి చూసుకోండి

మూడేళ్ల కిందట దసరా సేల్‌లో 27 అంగుళాల మానిటర్ తెప్పించుకున్నాను. డబ్బా వచ్చిన సాయంత్రమే మేం పలాస బయల్దేరాలి. సీల్ తీయకుండా బీరువా పక్కన నిలబెట్టి వెళ్లిపోయాం. తొమ్మిదో రోజు తిరిగొచ్చి ఆన్ చేస్తే నల్లటి తెర మీద, కుడివైపు పైన, ఎర్రటి చుక్క. రిటర్న్ గడువేమో ఏడు రోజులు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక్క చుక్క మా లెక్కలో లోపం కాదన్నారు. రెండేళ్లు ఆ మానిటర్ మీదే పనిచేశాను. చీకటి పడ్డాక ఏ పని చేస్తున్నా కన్ను అటే పోయేది. అది ఇంకొకరికి జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మా విశాఖలో దసరా దగ్గరపడితే ద్వారకానగర్ వైపు కంప్యూటర్ షాపులకి వెళ్లేవాళ్లు వెళ్తారు. మధురవాడ, పీఎం పాలెం ఫ్లాట్లలో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతారు. మనకి వానలు, తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబర్ 12న, సరిగ్గా దసరాకీ దీపావళికీ మధ్య వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు ఉన్నా లేకపోయినా, మీరు ఊళ్లో ఉన్నా లేకపోయినా, డెలివరీ అయిన రోజు నుంచి రిటర్న్ గడువు నడుస్తూనే ఉంటుంది. అందుకని వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న వారంలోనో, ఊరెళ్లే ముందు రోజో మానిటర్ ఇంటికి వచ్చేలా ఆర్డర్ పెట్టకండి. నాలుగు రోజులు ఆగి పెట్టుకోండి.

ఇంతకీ ఈ చుక్క ఏమిటి? ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు ఉంటాయి. అంటే 20,73,600 పిక్సెల్స్, తెర మీది బొమ్మని కూర్చే అతిచిన్న బిందువులు. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గళ్లు, ఒక్కో గడికి స్విచ్చులా పనిచేసే ఒక సన్నటి ట్రాన్సిస్టర్. మొత్తం 62 లక్షలు దాటుతుంది. 4కె అయితే దాదాపు రెండున్నర కోట్లు. అన్నిట్లో ఒక్క ట్రాన్సిస్టర్ పనిచేయకపోయినా చుక్క కనబడుతుంది. ఎప్పుడూ నల్లగా ఉండిపోతే దాన్ని డెడ్ పిక్సెల్ అంటారు. ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒకే రంగు పట్టుకుని వదలకపోతే అది స్టక్ పిక్సెల్. రెండో దానికి బాగుపడే అవకాశం కొంత ఉంది, మొదటిదానికి దాదాపు లేదు. సముద్రపు గాలికి పిక్సెల్స్ పోతాయని మన దగ్గర చాలామంది అనుకుంటారు. కొత్త మానిటర్‌లో చుక్కకి కారణం చాలావరకు ఫ్యాక్టరీ లోపమే, లేదంటే దారిలో పడ్డ ఒత్తిడి. ఉప్పుగాలి తినేది పోర్టులనీ కనెక్టర్లనీ. బీచ్ వైపు కిటికీకి ఎదురుగా పెట్టొద్దనేది అందుకే.

డబ్బు కట్టే ముందు చూడాల్సింది ధర ఒక్కటే కాదు, ఆ మోడల్‌కి కంపెనీ పెట్టిన పిక్సెల్ పాలసీ కూడా, అంటే ఎన్ని చుక్కలుంటే మార్చి ఇస్తారన్న నియమం. 2001లో వచ్చిన ఐఎస్ఓ 13406-2 అనే అంతర్జాతీయ ప్రమాణం తెరల్ని తరగతులుగా విడగొట్టింది. మొదటి తరగతిలో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. రెండో తరగతిలో ప్రతి పది లక్షల పిక్సెల్స్‌కీ ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ నల్లగా ఉండేవి 2, ఒక రంగు గడి మాత్రమే పాడైనవి 5 దాకా ఉండొచ్చు. 2008లో దాని స్థానంలో ఐఎస్ఓ 9241-307 వచ్చినా ఆలోచన అదే. 'ఒక చుక్క లోపం కాదు' అని నాకు వచ్చిన జవాబుకి మూలం ఇక్కడుంది. అన్ని కంపెనీలూ అక్కడే ఆగవు. డెల్ తన కొన్ని మోడల్స్‌కి, వెలుగుతూ ఉండిపోయే చుక్క ఒక్కటి కనబడినా మార్చి ఇస్తామని రాసిస్తుంది. అసుస్‌కి కూడా కొన్ని మోడల్స్ మీద అలాంటి హామీ ఉంది. రెండు మానిటర్ల మధ్య తేడా వెయ్యి, పదిహేను వందలే అయితే నేను హామీ ఉన్నదే తీసుకోమంటాను. ఆన్‌లైన్‌లో అయితే రిటర్న్ అంటే డబ్బు వాపసా, రీప్లేస్‌మెంట్ మాత్రమేనా, ముందు టెక్నీషియన్ వచ్చి చూడాలా అన్నది ఆర్డర్ పెట్టే రోజే చదివి స్క్రీన్‌షాట్ దాచుకోండి.

షాపులో కొంటే సీల్ అక్కడే తీయించండి. "సీల్ తీస్తే వెనక్కి తీసుకోం బాబూ" అంటారు. "మీ ముందే తీద్దామండి. చుక్క ఉంటే ఇంకో పీస్ చూపించండి, లేకపోతే ఇప్పుడే బిల్లు కొట్టేయండి" అని నిదానంగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పక్క షాపు ఉంది. మొహమాటపడకండి.

ఇంటికి తెచ్చేటప్పుడు డబ్బా నిలబడే ఉండాలి, బాణం గుర్తు పైకి. బండి మీద కాళ్ల మధ్య ఇరికించుకుని తేవడం మానేసి ఆటో మాట్లాడుకోండి. పాడేరు, అరకు వైపు ఘాట్ రోడ్డులో బస్సుమీద తీసుకెళ్లేవాళ్లు దాన్ని పడుకోబెట్టి పైన సంచులు పెట్టనివ్వొద్దు. డబ్బా విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి, సీరియల్ నంబర్ స్టిక్కర్ అందులో పడాలి. తెర ముందు భాగం మీద వేళ్లు ఆనించకుండా అంచులు, స్టాండు పట్టుకుని లేపండి. ఏసీ షోరూమ్ నుంచి ఉక్కపోసే గదిలోకి తెచ్చారా? చల్లటి గ్లాసు మీద నీరు పట్టినట్టే లోపల చెమ్మ చేరొచ్చు. రెండు గంటలు ఆగి ప్లగ్ పెట్టండి.

ఇక పరీక్ష. ఇరవై నిమిషాల పని, కానీ తొందరపడితే దొరకదు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక పిక్సెల్ వెడల్పు సుమారు 0.27 మిల్లీమీటర్లు, ఆవగింజ కన్నా చాలా చిన్నది. ముందు పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవండి, సగం చుక్కలు దుమ్మే అయి ఉంటాయి. తడిగుడ్డ, అద్దాలు తుడిచే స్ప్రే వద్దు, అవి కింది అంచులోంచి లోపలికి దిగుతాయి. సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ మానిటర్ అసలు కొలతకి పెట్టండి, తెరని పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపేయండి. కంప్యూటర్‌లోని పెయింట్ ప్రోగ్రామ్‌లో అదే కొలతకి అయిదు బొమ్మలు చేసుకోండి: పూర్తిగా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కోదాన్ని తెర నిండా తెరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి చేనుకి సాళ్లు వేసినట్టు వరుసగా చూసుకుంటూ రండి. నలుపు చూసేటప్పుడు గదిలో లైట్లు తీసేయండి. వెలుగుతూ ఉండిపోయిన గడులు నలుపు మీదే బయటపడతాయి. నల్ల చుక్కలు తెలుపు మీద. మిగతా మూడు రంగులు ఎందుకంటే, ఎరుపు గడి ఒక్కటే చచ్చిపోతే తెల్లటి తెర మీద అది లేత నీలిపచ్చ మరకలా కనబడి తప్పించుకుంటుంది. ఎర్రటి తెర మీద మాత్రం నల్లగా తేలిపోతుంది.

చుక్క కనబడింది. అప్పుడే టెన్షన్ పడొద్దు, అది ప్యానెల్‌దేనా, అంటే మానిటర్ తెరదేనా అని తేల్చుకోండి. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. అందులోనూ కనబడితే తప్పు కంప్యూటర్‌ది లేదా ఆ బొమ్మది. తర్వాత కేబుల్ పీకండి. 'నో సిగ్నల్' అని మానిటర్ సొంతంగా చూపించే తెర మీద, లేదా దాని మెనూ మీద కూడా చుక్క అక్కడే ఉంటే ఇక సందేహం లేదు.

ఈ కాలంలో ఇంకో సంగతి. వాన వెలిసిన సాయంత్రం లైటు వేస్తే వచ్చే సన్నటి పురుగులు మానిటర్ వెనక గాలి సందుల్లోంచి దూరి తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్‌కీ ప్యానెల్‌కీ మధ్య చేరతాయి. బయటి నుంచి చూస్తే అచ్చం డెడ్ పిక్సెల్. మెల్లగా కదులుతుంటే అది పురుగే. దయచేసి వేలితో నొక్కకండి. లోపలే నలిగి చస్తే ఆ మరక ఎప్పటికీ పోదు. మానిటర్ ఆపేసి, గది చీకటి చేసి, కొంచెం దూరంలో ఒక దీపం పెట్టండి. చాలాసార్లు అదే వెలుగు వైపు బయటికి వెళ్లిపోతుంది. సాయంత్రాలు కిటికీ జాలీ వేసుకుంటే ఈ బాధే ఉండదు.

నిజంగా పిక్సెల్ చుక్కే అయితే, గడువు ఉన్నంతసేపూ ఇంటి వైద్యం చేయకండి. మెత్తటి గుడ్డ చుట్టి పెన్ను మొనతో నొక్కితే పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఒత్తిడికి పక్క పిక్సెల్స్ కూడా పోవచ్చు. ప్యానెల్ మీద నొక్కిన గుర్తు పడితే 'కస్టమర్ పాడుచేశారు' అని కంపెనీ వారంటీ ఇవ్వకుండా చేతులు దులుపుకుంటుంది. ఓలెడ్ తెరల మీదైతే ఆ ఆలోచనే రానివ్వద్దు. ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి, చుక్క ఎక్కడుందో తెలిసేలా. అదే రోజు రిటర్న్ పెట్టండి. ఫోన్‌లో మాట్లాడినా సరే, మెయిల్‌లో కూడా రాసి టికెట్ నంబర్ తీసుకోండి.

గడువు దాటిపోయి, స్టక్ పిక్సెల్‌తో మిగిలిపోయారనుకోండి. అప్పుడు రంగుల్ని వేగంగా మార్చే పద్ధతి ప్రయత్నించొచ్చు. జెస్క్రీన్‌ఫిక్స్ లాంటివి బ్రౌజర్‌లోనే నడుస్తాయి. ఆ చిన్న చతురస్రాన్ని చుక్క మీదికి జరిపి అరగంట వదిలేయండి. ఒక్కోసారి గడి కదిలి మామూలు అవుతుంది, ఒక్కోసారి ఏమీ కాదు. నాది కాలేదు. ఆ మెరుపులు మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం, కాబట్టి తెర గోడవైపు తిప్పి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

రాసిచ్చిన పాలసీ ప్రకారం మార్చాల్సి ఉండీ మార్చకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లు, వీడియో, స్క్రీన్‌షాట్, మెయిల్ అప్పుడు పనికొస్తాయి.

డబ్బా, థర్మాకోల్ మాత్రం గడువు అయ్యేదాకా పారేయకండి. పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు పాత సామాన్లవాడికి వేసేస్తారు. డబ్బా మీద మార్కర్‌తో 'ఉంచాలి' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద గడువు తేదీ వేయండి.