‘వాళ్లు అంతేనమ్మా’ అని డాక్టరు అంటే ఏం చేయాలి?

పాతికేళ్ల కుర్రాడు అనుకుందాం. బుద్ధిమాంద్యం ఉంది. అయినా పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చేవాడు, తన చొక్కా తనే మడతపెట్టుకునేవాడు. మూడు నెలలుగా మంచం దిగడం లేదు, తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. ఓపీకి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో వచ్చే జవాబు, ‘ఇలాంటి పిల్లలు అంతేనమ్మా’. బుద్ధిమాంద్యం పుట్టినప్పటి నుంచీ ఉంది. తల కొట్టుకోవడం మూడు నెలల నుంచే ఉంది. ఈ తేడాను డాక్టరుకు కనిపించేలా చేయడమే అతని తరఫున మాట్లాడేవాళ్ల అసలు పని.

బుద్ధిమాంద్యం వేరు, మానసిక జబ్బు వేరు. మొదటిది మెదడు ఎదుగుదలకు సంబంధించింది, మాత్రలతో పోదు. డిప్రెషన్, ఆందోళన, సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు) రెండో కోవలోవి. వీటికి చికిత్స ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు ఇవి మిగతావాళ్లకంటే ఎక్కువగానే వస్తాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రెంటినీ వేర్వేరు వైకల్యాలుగా లెక్కపెట్టింది. మన హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డకు (అంటే అక్కడి మానసిక ఆస్పత్రికి) పంపాలి’ అనే వెకిలి మాట మాత్రం రెంటినీ ఒకే మూటగా కట్టేసింది. ఆ సిగ్గుతోనే ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన ఎన్‌ఐఈపీఐడీ ఉంది, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ. పాతవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. బుద్ధి పరీక్షకు, ప్రత్యేక విద్యకు, ప్రవర్తన శిక్షణకు అక్కడికి వెళ్లొచ్చు. మనిషి ఒక్కసారిగా మారిపోతే సైకియాట్రీ ఓపీ చూపించాలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో, గాంధీలో, ఉస్మానియాలో ఆ విభాగాలున్నాయి.

వెళ్లేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మధ్యలో నిలువు గీత కొట్టి ఎడమవైపు ‘అప్పుడు’, కుడివైపు ‘ఇప్పుడు’ అని రాయండి. నిద్ర, తిండి, స్నానం, మాట, ఇష్టమైన పని, కోపం, ఈ ఆరూ రెండు వైపులా ఉండాలి. ‘బాగా తగ్గిపోయాడు’ అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘అప్పుడు పూటకు నాలుగు రొట్టెలు, ఇప్పుడు ఒకటిన్నర’ అని రాయాలి. తేదీలు గుర్తులేకపోతే పండగలు పట్టుకోండి. ‘బోనాలప్పుడు తనే జడ వేసుకుంది, దసరాకి దువ్వెన కూడా ముట్టలేదు’ అన్నా చాలు, డాక్టరు నెలలు లెక్కేసుకుంటారు. డిప్రెషన్ ఉన్నవాళ్లు ‘బాధగా ఉంది’ అని చెప్పలేకపోవచ్చు. వచ్చిన పనులు మరచిపోవడం, చిరాకు, తనను తాను కొట్టుకోవడం, వీటిలోనే అది బయటపడుతుంది.

రెండో కాగితం రెండు వారాల పట్టీ. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, విరేచనం అయిందా, ఫిట్స్ వచ్చాయా, గొడవ జరిగితే దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఎలా సద్దుమణిగింది. ఒక నిమిషం వీడియో కూడా పనికొస్తుంది. బట్టల్లేకుండా ఉన్నప్పుడు తీయకండి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

సైకియాట్రీకి వెళ్లేలోపే ఒంటినీ చూపించాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. నొప్పి ఎక్కడో చెప్పలేని మనిషి ఆ నొప్పిని కొట్టడంలో, కొరకడంలో చూపిస్తాడు. దవడ మీద కొట్టుకుంటే పన్ను, చెవి దగ్గర కొట్టుకుంటే చెవి, తిన్నాక ఏడిస్తే కడుపులో మంట ఉందేమో చూడాలి. మలబద్ధకం చాలామందికి ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. ఆడపిల్లకు నెలనెలా అదే రోజుల్లో గొడవైతే బహిష్టు నొప్పి కావచ్చు. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే జన్యు తేడా) ఉన్నవాళ్లకు ఏటా థైరాయిడ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ తగ్గితే అచ్చం డిప్రెషన్‌లాగే కనబడుతుంది. వాళ్లకు నలభై దాటాక మతిమరుపు జబ్బు కూడా త్వరగా మొదలవ్వొచ్చు.

మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. ఫిట్స్‌కు ఇచ్చే లెవెటిరాసెటమ్ కొందరిలో కోపం పెంచుతుంది. రిస్పెరిడాన్, హాలోపెరిడాల్ లాంటి సైకోసిస్ మందులు కొందరిని ఒక్కచోట కూర్చోనివ్వవు, కాళ్లు ఆడిస్తూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అది ‘గొడవ ఎక్కువైంది’ అనిపిస్తుంది, మోతాదు పెంచుతారు, పెంచినకొద్దీ తిరగడం ఎక్కువవుతుంది. మాత్ర మొదలైన తేదీ, తిరగడం మొదలైన తేదీ పక్కపక్కన రాసి చూపిస్తే ఈ చిక్కు విడిపోతుంది. అలాగని మీ అంతట మీరు మందు ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ గానీ, పాత జబ్బు గానీ తిరగబెట్టొచ్చు.

ఇంట్లో చావు జరిగిందా? తండ్రి పోతే ‘నాన్న ఊరెళ్లాడు’ అని చెప్పి, కర్మలకు దూరంగా ఎవరింటికో పంపేయడం మనకు అలవాటు. ఆ మనిషి నెలల తరబడి గుమ్మం దగ్గరే ఎదురుచూస్తాడు. అది మందుతో తగ్గేది కాదు. నిజం చెప్పాలి, ఫొటో చూపించాలి, దండ వేయనివ్వాలి. ఒక మనిషినో ఒక చోటునో చూసి కొత్తగా భయపడుతుంటే లైంగిక వేధింపు జరిగిందేమోనని కూడా అడగాలి. 18 ఏళ్లలోపు పిల్లలైతే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి.

జబ్బును ‘అంతేనమ్మా’ అని కొట్టేయడం ఒక పొరపాటైతే, అలవాటును జబ్బు అనడం దానికి ఎదురు పొరపాటు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఒంటరిగా తమతో తామే మాట్లాడుకోవడం మామూలు. ఎప్పటినుంచో ఉన్న అలవాటైతే, అదొక్కటే చూసి సైకోసిస్ అని మందు పెట్టనివ్వకండి.

ఓపీ గదిలో సమయం తక్కువ. కూర్చోగానే మూడు ముక్కల్లో చెప్పండి: ఏం మారింది, ఎప్పటినుంచి, ఒంటికి సంబంధించి ఏమేం చూపించాం. తర్వాత ‘ముందు బాబునే అడగండి సార్’ అనండి. అడిగే తీరు కూడా ముఖ్యమే. పెద్దవాళ్లు ఏమడిగినా ‘అవును’ అనడం చాలామందికి అలవాటు. ‘గొంతులు వినిపిస్తాయా?’ అంటే అవును, ‘వినిపించవు కదా?’ అన్నా అవునే. అందుకే ‘సంతోషమా, ఏడుపా?’ అని రెండు బొమ్మలు చూపించి, కాసేపాగి బొమ్మల వరుస మార్చి మళ్లీ అడగాలి. రెండుసార్లూ అదే బొమ్మ చూపిస్తే ఆ జవాబును లెక్కలోకి తీసుకోవచ్చు.

మందు రాస్తే అడగాల్సినవి: ఇది ఏ లక్షణానికి, ఎన్ని రోజుల్లో తేడా కనబడాలి, కనబడకపోతే ఏం చేస్తారు, ఎప్పుడు తగ్గిస్తారు. సైకోసిస్ మందైతే మొదటి రోజే బరువు, నడుము కొలత, షుగర్ రాయించండి. రిస్పెరిడాన్ వాడే ఆడపిల్లకు నెలసరి ఆగిపోతే వెంటనే చెప్పాలి.

పిల్లలకు 18 నిండగానే తల్లిదండ్రులు సంరక్షకులుగా ఉండే హక్కు దానంతటదే కొనసాగదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి, సంరక్షకులుగా నియమించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. చికిత్స విషయంలో మాత్రం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వేరే దారి ఇచ్చింది. 18 నిండిన మనిషి తనకు నమ్మకమైనవాళ్లను నామినేటెడ్ ప్రతినిధిగా (చికిత్స విషయంలో తన తరఫున నిలబడే మనిషిగా) తెల్లకాగితం మీదే రాసుకోవచ్చు, సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. ఆస్పత్రిలో ఒంటరి గదిలో పెట్టకూడదు. కట్టేస్తే ఆ ప్రతినిధికి 24 గంటల్లోపు తెలియజేయాలి. శిక్షగా కట్టేయకూడదు, సిబ్బంది లేరని అసలే కట్టేయకూడదు. గొలుసులు ఏ కారణంతోనూ వేయకూడదు. చికిత్స గురించి అతనికి తేలిక మాటల్లో, బొమ్మలతో చెప్పాలని, సైగతో తెలిపిన నిర్ణయమూ నిర్ణయమేనని కూడా అదే చట్టం చెబుతుంది. అడ్మిషన్ మీద అభ్యంతరం ఉంటే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు రాయండి. ఉచిత వకీలు కోసం 15100కు ఫోన్ చేయొచ్చు.

రాత్రిపూట పరిస్థితి చేయి దాటుతుంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. గాయమైతే, ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే 108.

ఇక ఫైలు. సదరం (వైకల్య) సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, పాత చీటీలు, ‘అప్పుడు-ఇప్పుడు’ కాగితం, అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయించండి. ఒరిజినల్ ఏ కౌంటర్లోనూ వదిలి రావద్దు. ప్రతి ఓపీ తర్వాత ఆ రోజే ‘ఇప్పుడు’ గడి కింద కొత్త తేదీ వేసి రాయండి. వచ్చేసారి ఆ కుర్చీలో వేరే డాక్టరు కూర్చుని ఉండొచ్చు.