యుద్ధ వార్తను అర్థం చేసుకోవడం ఎలా? ఎర్ర సముద్రం ఉదాహరణగా

ఎక్కడ బాంబు పడ్డా గంటలోపే మన వాట్సాప్ గ్రూపులు రెండు జట్లుగా చీలిపోతాయి. మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో తేల్చేస్తారు, ఓడ ఎక్కడుందో మాత్రం ఎవరూ చూడరు. పదిహేనేళ్ళుగా విదేశీ వార్తలను నోట్సు రాసుకుంటూ చదువుతున్నవాణ్ణి, ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది. పద్ధతిగా చదివితే ఇది ఎవరికైనా పట్టుబడే పనే.

కావాల్సినవి అట్లాసు, రూళ్ళ నోట్‌బుక్, పెన్ను. ఫోన్లో మ్యాప్ వద్దు, దగ్గరికి లాగేకొద్దీ పక్క దేశాలు కనబడకుండా పోతాయి. టీవీ చర్చలైతే అసలే వద్దు. నలుగురు అరిచే గంటలో మీరు రెండు పేజీలు రాసుకోవచ్చు.

ముందు మ్యాప్. 2023 నవంబర్ 19న యెమెన్‌కు చెందిన హౌతీలు (అక్కడి ప్రభుత్వంతో పోరాడుతున్న సాయుధ వర్గం) హెలికాప్టర్ నుంచి దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. ఎర్ర సముద్రం దక్షిణపు కొసన బాబ్ ఎల్ మండెబ్ జలసంధి వెతకండి, దాని వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. ఉత్తరపు కొసన సూయజ్ కాలువ. ఈ దారి ప్రమాదమైతే ఆసియా నుంచి యూరప్ వెళ్ళే ఓడ ఆఫ్రికా మొత్తం చుట్టి రావాలి, అంటే పది రోజులు అటూ ఇటుగా ఎక్కువ. మన కోస్తా రొయ్యలు యూరప్‌కు వెళ్ళే దారి కూడా ఇదే.

తర్వాత తేదీలు. పదేళ్ళు వెనక్కి వెళ్తే చాలు. 2014 సెప్టెంబర్‌లో హౌతీలు రాజధాని సనాను పట్టుకున్నారు, 2015 మార్చిలో సౌదీ కూటమి వాళ్ళ మీద దాడులు మొదలుపెట్టింది, 2022 ఏప్రిల్‌లో కాల్పుల విరమణ కుదిరింది, 2023 మార్చిలో బీజింగ్‌లో చైనా చొరవతో సౌదీ, ఇరాన్ రాజీపడ్డాయి, అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలైంది. అయిదు లైన్లు, అంతే.

ఇక అసలు పని. అందరూ బోల్తా పడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చేయండి. ఒక్కో పక్షానికి ఒక్కో పేజీ తీసుకుని మూడు గళ్ళు గీయండి: ఏమంటున్నారు, ఏం చేస్తున్నారు, సొంత జనంలో ఎవరికి జవాబు చెప్పుకోవాలి.

హౌతీల పేజీ చూడండి. అన్నది: గాజా కోసం, ఇజ్రాయెల్‌తో సంబంధమున్న ఓడలనే కొడతాం. చేసింది: ఆ సంబంధం కనబడని ఓడలను కూడా కొట్టారు. మూడో గడి: 2016లో యెమెన్ కేంద్ర బ్యాంకును సనా నుంచి, హౌతీల శత్రు ప్రభుత్వం చేతిలోని ఏడెన్ నగరానికి మార్చినప్పటి నుంచి వాళ్ళ ఏలుబడిలోని ప్రభుత్వ ఉద్యోగుల్లో చాలామందికి జీతాలు సరిగా లేవు. కాల్పులు ఆగితే జనం జీతం అడుగుతారు. పాలస్తీనా మాటెత్తితే యెమెన్‌లో శత్రువు కూడా కాదనలేడు. ఇది నా లెక్క, కానీ ఈ గడి నింపకుండా 'ఇరాన్ చెప్పింది, వీళ్ళు చేశారు' అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్ళకు సగం కథే తెలుస్తుంది. ఇరాన్ ఆయుధాలిచ్చిన మాట నిజమే, అయినా దానికీ వేరే పేజీ ఉండాల్సిందే.

ఇప్పుడు సౌదీ పేజీ. ఏడేళ్ళు హౌతీల మీద బాంబులు వేసిన దేశం, 2023 డిసెంబర్‌లో ఎర్ర సముద్రంలో ఓడల కాపలాకు అమెరికా నౌకాదళ కూటమి కట్టినప్పుడు అందులో చేరలేదు. అప్పటికే హౌతీలతో చర్చల్లో ఉంది, మళ్ళీ తన మీదికి క్షిపణులు తెచ్చుకోదలచుకోలేదు. ఈజిప్టుకు సూయజ్ ఆదాయం 2023లో 10 బిలియన్ డాలర్లు దాటితే 2024లో దాదాపు 4 బిలియన్లకు పడిపోయింది, అయినా అదీ చేరలేదు. గాజా మీద తన జనం కోపం తెలిసిన ప్రభుత్వం ఇజ్రాయెల్ పక్షాన నిలబడినట్టు కనబడలేదు కదా. చైనాకు ఆ జలసంధి పక్కనే, ఆఫ్రికా దేశం జిబూటిలో సైనిక స్థావరం ఉంది, అదీ దూరంగానే ఉంది. మన దేశం కూటమిలో చేరకుండా అరేబియా సముద్రంలోకి సొంత యుద్ధనౌకలు పంపింది. 2024 జనవరిలో క్షిపణి తగిలి మంటల్లో చిక్కుకున్న మార్లిన్ లువాండా ఓడకు సాయం వెళ్ళింది ఐఎన్ఎస్ విశాఖపట్నం, ఆ ఓడ సిబ్బందిలో 22 మంది భారతీయులు.

ప్రపంచంలో బలం ఎటు జరుగుతోందో నాకు కనబడేది ఈ పేజీల్లోనే: పెద్దన్న పిలిస్తే ఎవరొచ్చారు, ఎవరు రాలేదు. ఆయుధాల లెక్క పోల్చే వీడియోలు ఇది చూపించవు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, దేశాన్ని మనిషిలా రాయకండి. 'యెమెన్ దాడి చేసింది' అని రాస్తే తప్పే, ఎందుకంటే ప్రపంచం గుర్తించిన యెమెన్ ప్రభుత్వం హౌతీలతో పోరాడుతున్న వేరే పక్షం. రెండు, జెండా చూసి ఓడ ఎవరిదో తేల్చకండి. గెలాక్సీ లీడర్‌ది బహామాస్ జెండా, నడిపింది జపాన్ కంపెనీ, యాజమాన్యంలో ఇజ్రాయెలీ వ్యాపారికి సంబంధం, వస్తున్నది టర్కీ నుంచి భారత్‌కు, సిబ్బంది ఫిలిప్పీన్స్, బల్గేరియా, ఉక్రెయిన్ లాంటి దేశాలవాళ్ళు. వాళ్ళు 2025 జనవరిదాకా బందీలుగానే ఉన్నారు.

మూడో గడికి ఆధారం దొరక్కపోతే ఖాళీగా వదలండి. ఊహతో నింపితే తర్వాత దాన్నే నిజమనుకుంటారు.

మూడు నెలలకోసారి పేజీలు తిరగరాయాలి. 2025 మార్చిలో అమెరికా పెద్దయెత్తున దాడులు మొదలుపెట్టి, మే 6న ఒమాన్ మధ్యవర్తిత్వంతో హౌతీలతో ఒప్పందం చేసుకుని ఆపేసింది. ఆ ఒప్పందంలో ఇజ్రాయెల్ లేదు. ఆ రోజు నేను అమెరికా, ఇజ్రాయెల్ పేజీలను పక్కపక్కన పెట్టి మూడో గడి రెండింటికీ కొత్తగా రాసుకున్నాను.