తండా బడుల్ల టీచర్లకు కోచింగ్ ఇయ్యాలంటే

దేవరకొండ దిక్కు బళ్లకు రెండు భాషల చదువు మీద టీచర్లకు కోచింగ్ ఇయ్యనీకె పోతున్నరా, అయితే మొదటి రోజు నోరు తెరవకుర్రి, వెనక కూసోని పిల్లలు ఏడ సప్పుడు చేస్తలేరో రాసుకోర్రి అంతే. తనిఖీకి వచ్చిన్రనే భయం సార్లకు ఉంటది, అది పోవాలంటె మీరే ఒక పీరియడ్ చెప్పి చూపియ్యాలె, తప్పుపోతె ఇంకా మంచిది (నాకైతె పోయింది).

ఒకటో తరగతిల అమ్మ బొమ్మ చూపిస్తె ఒక పోరి 'యాడి' (లంబాడీల అమ్మ అని) అన్నది, నేను కాదు అమ్మ అనాలె అన్న, ఇగ ఆ పూటంతా ఆ పిల్ల మాట్లాడితె ఒట్టు. ఇప్పుడు యాడి, అమ్మ పక్కపక్కన తెలుగు లిపిల రాపిస్త, లంబాడీకి సొంత లిపి లేదు గదా, ఇంగ్లీషు మాట వాటి కింద.

2022-23ల తెలంగాణ సర్కారు బళ్లల్ల ఇంగ్లీష్ మీడియం మొదలైనప్పుడు వచ్చిన పుస్తకాలల్ల ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. చానమంది లైన్ లైన్‌కు తర్జుమా చేస్తరు, అది మాన్పియ్యుర్రి, ముందు పాఠం మీద పిల్లలతోని మాట్లాడిపిచ్చి అటెన్క ఇంగ్లీషు పేజీ తియ్యమనుర్రి.

ఫీడ్‌బ్యాక్ 10 నిమిషాలే, హెడ్‌మాస్టర్ ముందట అస్సలొద్దు, చాయ్ తాగుకుంట ఒక్క మార్పే చెప్పి 15 రోజులకు మళ్ల పోయి అదొక్కటే చూడుర్రి.