సింబాలికల్లీ: రెండో ముక్క దొరికాకే తెలుగు మాట

ఇంగ్లీషు నుంచి అనువాదం మొదలుపెట్టిన కొత్తలో సింబాలికల్లీ (symbolically) అనే మాటతో ఒక తప్పు చేశాను. ఒక సాయుధ బృందం శాంతి ఒప్పందం రోజున సింబాలికల్లీ ఆయుధాలు అప్పగించిందని మూలంలో ఉంది. నేను ‘నామమాత్రంగా అప్పగించింది’ అని రాశాను. చదివినవాళ్లకు ఏమనిపిస్తుంది? మిగతావి దాచుకున్నారనే కదా! మూలంలో ఆ నింద లేదు. ‘పోరాటం ముగిసిందనడానికి గుర్తుగా’ అని రాయాల్సింది.

అప్పటి నుంచి ఈ మాట వస్తే దాని పుట్టుక గుర్తు చేసుకుంటాను. గ్రీకులో సింబొలోన్ అంటే రెండు ముక్కలు చేసిన ఆనవాలు. ఇద్దరి దగ్గర చెరో ముక్క ఉంటుంది, కలిపి చూస్తే అతకాలి. వాక్యంలోనూ అంతే. జరిగిన పని ఒక ముక్క. అది దేనికి గుర్తు అన్నది రెండో ముక్క. అది దొరికితే ‘ఫలానాదానికి గుర్తుగా’, ‘ప్రతీకగా’ అని ధైర్యంగా రాయొచ్చు. ముందు ఓన్లీ ఉండి, పైకి కనిపించిందే తప్ప నిజంగా ఏమీ మారలేదన్న అర్థం వస్తేనే ‘నామమాత్రంగా’. తాళంచెవి అందించడం లాంటి వేడుకైతే చాలాసార్లు ‘లాంఛనంగా’ సరిపోతుంది.

ఏ క్రియకు తగిలించామో కూడా చూసుకోవాలి. 1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీ గుప్పెడు ఉప్పు తీశారు. ఆయన సింబాలికల్లీ చట్టాన్ని ఉల్లంఘించారని రాస్తే తప్పు. ఉప్పు కొంచెమే అయినా ఉల్లంఘన నిజంగానే జరిగింది. సింబాలికల్లీ జరిగింది సామ్రాజ్యాన్ని సవాలు చేయడం. చట్టం పక్కన ఆ మాట పెడితే ఆయన చేసిన పనిని మనమే తగ్గించినట్టు. ఇలాంటి చోట నేను వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుతాను.

మెటఫారికల్లీతో కలిపేయొద్దు. కాలాన్ని దొంగ అనడం మాటలో పోలిక. తెల్లజెండా ఎత్తడం కళ్లెదుట జరిగే పని, అక్కడే సింబాలికల్లీ.

లెక్కల్లో దారి వేరు. సమీకరణాన్ని సింబాలికల్లీ సాధించమంటే అంకెలు వేయకుండా అక్షరాలతోనే సాధించమని. ఏఎక్స్ + బీ = 0 అయితే ఎక్స్ = −బీ/ఏ (ఏ సున్నా కాకూడదు). అక్కడ ‘ప్రతీకగా’ అని రాస్తే విద్యార్థికి ఏమీ అర్థం కాదు.

పలికేటప్పుడు ఒత్తు ‘బా’ మీద. చివర్లో ‘కల్లీ’ అని సాగదీయక్కర్లేదు, ‘సింబాలిక్లీ’ అని వినిపిస్తే చాలు. స్పెల్లింగ్‌లో మాత్రం ఐసీ తర్వాత ఏఎల్ఎల్‌వై మొత్తం రాయాలి.