జట్టు ప్రాజెక్టులో అయిదు పేర్లు, ఒకరి రాత: గూగుల్ డాక్స్‌లో ఎదురయ్యే చిక్కులు, సవరణలు

ఉన్నత పాఠశాలల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం కింద ఇచ్చే ప్రాజెక్టు పనిని, ఒకే డాక్యుమెంటును పలువురు కలిసి రాయగల గూగుల్ డాక్స్‌లో జట్టంతా రాసేలా చేయించినప్పుడు తలెత్తే ఇబ్బందుల్లో సాధనం వల్ల వచ్చేవి తక్కువ, ఉపాధ్యాయులుగా మనం పని అప్పగించిన తీరు వల్ల వచ్చేవే ఎక్కువ. 'మా ఊరి నీటి వనరులు' అనే ప్రాజెక్టును ఉదాహరణగా తీసుకుందాం.

సమస్య: అయిదుగురి పేర్లున్నాయి, రాసింది ఒక్కరే

ముందుగా కంప్యూటర్‌లో ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీని తెరిస్తే, ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో వేర్వేరు రంగుల్లో కనిపిస్తుంది. అయితే అది ఎవరు టైపు చేశారో చెబుతుందే గాని ఎవరు ఆలోచించారో చెప్పదు. ఇంట్లో ఫోన్ లేని అమ్మాయి నోట్‌బుక్‌లో రాసిచ్చిన దాన్ని స్నేహితురాలు టైపు చేసి ఉండవచ్చు. కాబట్టి దాన్ని తీర్పుగా కాక, పిల్లలను అడగవలసిన ప్రశ్నకు ఆధారంగా మాత్రమే వాడాలి.

అసలు కారణం చాలాసార్లు ప్రశ్నలోనే ఉంటుంది. 'నీటి వనరుల ప్రాముఖ్యం వివరించండి' అంటే చురుకైన విద్యార్థి ఒక్కడే గంటలో ముగించగలడు. మిగతా నలుగురి అవసరం అతనికి లేదు. దానికి బదులు ప్రతి ఒక్కరూ తమ వీధిలోని బోర్లు ఎన్ని, ఎంత లోతు, వేసవిలో ఏవి ఎండిపోతాయి అన్న వివరాలను ఇంటింటికీ వెళ్లి అడిగి ఒకే పట్టికలో నింపాలని, ఆ పట్టిక పూర్తయ్యాకే నివేదిక మొదలుపెట్టాలని చెబితే, ఒకరి వరుస ఖాళీగా ఉంటే పని ముందుకు సాగదు. అప్పుడు తోటివారే వెంటపడి అడుగుతారు. వెబ్‌సైట్ల నుంచి పేరాలకు పేరాలు తెచ్చి అతికించే అలవాటుకు కూడా ఇదే మందు, ఎందుకంటే మన వీధి బోరు లోతు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

సమస్య: ఒకరు రాసింది మరొకరికి కనిపించడం లేదు

పిల్లలకు ఆన్‌లైన్‌లో పనులు పంచే గూగుల్ క్లాస్‌రూమ్‌లో పని ఇచ్చేటప్పుడు ప్రతి విద్యార్థికి ఒక కాపీ తయారయ్యే ఎంపికను నొక్కి ఉంటారు. జట్టుకు ఒకే డాక్యుమెంటు తయారుచేసి, సభ్యులందరికీ మార్చే అనుమతితో షేర్ చేయాలి. లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చని పెడితే లాగిన్ కాకుండా వచ్చినవారి మార్పులు పేరు లేకుండా నమోదవుతాయి కనుక, ఈమెయిల్ ద్వారా షేర్ చేయడం మేలు.

సమస్య: రాసిందంతా చెరిగిపోయింది

వెర్షన్ హిస్టరీ నుంచి పాత ప్రతిని తిరిగి తెచ్చుకోవచ్చు; ఎవరినీ మందలించనక్కరలేదు.

సమస్య: డీటీపీ సెంటర్‌లో చేయించిన తెలుగు పిచ్చి అక్షరాలుగా మారింది

అది సాధారణంగా డీటీపీకి వాడే అను ఫాంట్లలో ఉంటుంది, అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ చదవగల యూనికోడ్ పద్ధతిలో ఉండదు. కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులను ఒకసారి సరిచూడాలి. పిల్లలే ఫోన్ కీబోర్డుతోనో, గొంతుతో చెప్పి రాయించుకునే సౌకర్యంతోనో తెలుగు టైపు చేయడం అన్నిటికన్నా సులువు.

సమస్య: ప్రతి వాక్యానికీ 'ఇది సరేనా సార్?' అంటున్నారు

దీనికి కారణం సాధారణంగా మనమే. మొదట్లో నేనూ ప్రతి పేరా పక్కన ఎర్ర సిరా దిద్దుబాట్లలా కామెంట్లు పెట్టేవాణ్ణి. వాటిని అమలు చేయడమే పని అని పిల్లలు అనుకున్నారు, ఆ నివేదిక వాళ్లది కాకుండా నాదైపోయింది. తర్వాత రెండు మార్పులు చేశాను. ఒకటి, ఇద్దరు సహపాఠులు కామెంటు రాసి, దానికి జట్టు జవాబిచ్చేదాకా నేను ఏమీ రాయను. రెండు, మంచి నివేదికలో ఏమేమి ఉండాలో పని మొదలుకాకముందే తరగతిలో చర్చించి, వాళ్లు ఒప్పుకున్న అంశాలను డాక్యుమెంటు మొదటి పేజీలోనే వాళ్లచేత రాయిస్తాను. 'సరేనా సార్?' అని ఎవరైనా మళ్లీ అడిగితే, ఆ మొదటి పేజీ చూసి మీ జట్టు ఏమనుకుంటోందో చెప్పండి అని అడుగుతాను.